కురుమల ఇంటి బిడ్డ మాంసం, పాలు మానేస్తే

ప్రశ్న:

మాది వర్ధన్నపేట దగ్గరి పల్లె. మేము కురుమలం. నా వయసు 23. హనుమకొండలో గది అద్దెకు తీసుకుని జంతుశాస్త్రంలో పీజీ చదువుతున్నాను. నిరుడు చదువులో భాగంగా మమ్మల్ని ఒక గుడ్ల కోళ్ల ఫారానికి తీసుకువెళ్లారు. రెక్క చాపడానికి కూడా చోటు లేని తీగల గూళ్లలో వేల కోళ్లు నిలబడి ఉండడం చూశాక నేను మాంసం, గుడ్లు మానేశాను. తర్వాత పాలు, పెరుగు కూడా మానేశాను. అయితే నా చదువు నడిచేది మా నాయిన గొర్లు అమ్మిన డబ్బుతోనే. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో మొక్కు తీరాక యాటను కోసి చుట్టాలకు దావత్ ఇవ్వడం మా ఇంటి ఆనవాయితీ. ఈసారి అందరి ముందు నేను, "జీవాన్ని సంపి దేవుని పేరు పెట్టుడేంది" అన్నాను. నాయినమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. నాతో గదిలో ఉండే స్నేహితురాలు మాదిగ కుటుంబం నుంచి వచ్చింది. ఆమె కూర వండుకున్నప్పుడు కూడా నేను ఇలాగే మాట్లాడాను. "మేం తినేది చూసి మమ్మల్ని ఊరవతల ఉంచినోళ్ల మాటలే నీ నోట్లకెళ్లి వస్తున్నయ్" అన్నది. అప్పటి నుంచి మేము కలిసి తినడం లేదు. మా అమ్మకు రక్తం తక్కువగా ఉంది. డాక్టర్ గుడ్లు, కాలేయం తినమన్నారు. నన్ను చూసి అమ్మ కూడా అవన్నీ మానేస్తానంటున్నది. నేను చేస్తున్నది న్యాయమా, లేక పై కులాల అలవాటును నెత్తికెత్తుకున్నానా?

సమాధానం:

మీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. మీరు ఏం తినాలన్నది ఒకటి, ఇతరులు తినేదాని గురించి మీరు ఏం మాట్లాడాలన్నది మరొకటి, మీ అమ్మగారి ఆరోగ్యం ఇంకొకటి. మొదటి విషయంలో మీరు న్యాయంగానే ఉన్నారని నా నమ్మకం. రెండో విషయంలో తొందరపడి ఇద్దరిని నొప్పించారు. మూడో విషయం ఆగేది కాదు కనుక ముందుగా దాని గురించే రాస్తున్నాను.

మీ అమ్మగారిని ఇప్పుడు గుడ్లు మానవద్దని మీరే చెప్పండి. రక్తహీనతతో ఉన్న మనిషి కూతురి మీద ప్రేమతో తన మందును వదులుకోవడాన్ని ఏ అహింసా కోరదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్ల లోపు పిల్లల్లో అది 70 శాతం. అదే సమయంలో, 2014 నమూనా నమోదు సర్వేను బట్టి చూస్తే, పెద్దవాళ్లలో 98 శాతానికి పైగా మాంసాహారులున్న రాష్ట్రం మనది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. మాంసం తినే ఇళ్లలోనే ఆడవాళ్లకు రక్తం లేదు, ఎందుకంటే చాలా ఇళ్లలో కూర వండేది ఎప్పుడో ఒకనాడు, అది కూడా మగవాళ్లు, పిల్లలు తిన్నాక గిన్నెలో మిగిలింది తల్లికి దక్కుతుంది, మిగతా రోజులన్నీ తెల్లన్నం, చారుతో గడుస్తాయి. కాబట్టి అమ్మగారికి రక్త పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్‌తో పాటు విటమిన్ బి12 స్థాయిని కూడా చూడమని అడగండి, ఎందుకంటే అది తగ్గినా రక్తహీనత వస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. డాక్టరు చెప్పినన్నాళ్లు వాటిని మానకుండా వేసుకునేలా చూడడమే ఇప్పుడు ఆమె పట్ల మీరు చూపవలసిన శ్రద్ధ.

మీ శరీరం సంగతి కూడా ఇక్కడే చెబుతాను. పాలు, గుడ్లు కూడా మానేసిన మనిషికి బి12 ఏ ఆకులోనూ ఏ పప్పులోనూ దొరకదు. దానిని మాత్రగా వేసుకోవలసిందే. ఇందులో నియమభంగం ఏమీ లేదు. వేసుకోకపోతే మొదట అలసట, తర్వాత కాళ్లు చేతుల్లో తిమ్మిర్లు మొదలవుతాయి, నరాలకు కలిగిన నష్టం ఒక్కోసారి నయం కాదు. మిగతావి మన ఇళ్లలో ఉన్నవే. కందులు, పెసర్లు, బబ్బెర్లు, ఉలవలు, శెనగలు, పల్లీలు మాంసకృత్తులకు చాలు. కాల్షియానికి తైదలు, నువ్వులు ఉన్నాయి. పుంటికూర, తోటకూర, గంగవాయిలికూర తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకోండి, లేదా తర్వాత ఒక జామకాయ తినండి. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగకండి, అది ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. అయితే పాలిష్ పట్టిన బియ్యంతో, ఆలుగడ్డ వేపుడుతో నెట్టుకొస్తే మాత్రం మీరు జంతువులకు మేలు చేస్తున్నానని అనుకుంటూ మీకు మీరే కీడు చేసుకుంటారు.

ఇప్పుడు మీ స్నేహితురాలి మాట దగ్గరకు వస్తాను. ఆ మాటకు మీరు జవాబు వెతుకుతున్నారు. ముందుగా ఆమె ఎక్కడి నుంచి మాట్లాడుతున్నదో చూడండి. మన దగ్గర పట్టణంలో గది అద్దెకు అడిగితే ఇంటివాళ్లు నేరుగా కులం అడగడానికి మొహమాటపడి "మీరు ఏం తింటారు" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి ఎన్నో గడపలు దిగిపోవలసి వచ్చినవాళ్ల ఇంటి నుంచి ఆమె వచ్చింది. చనిపోయిన పశువును ఊరి బయటకు లాగే పనిని, తోలు ఒలిచే పనిని, డప్పు కట్టే పనిని కొన్ని కులాల మీదే మోపి, ఆ పని చేసినందుకే వాళ్లు అంటరానివాళ్లని చెప్పిన సమాజం ఇది. గొడ్డుమాంసం తినడానికీ అంటరానితనానికీ ఉన్న సంబంధాన్ని అంబేద్కర్ 1948లో ఒక గ్రంథంలోనే విచారించారు. బౌద్ధంతో పోటీలో బ్రాహ్మణులు గోమాంసాన్ని వదిలి శాకాహారులయ్యారనీ, దానిని వదలలేని పేద జనం వెలివేతకు గురయ్యారనీ ఆయన వాదించారు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత బహుజన విద్యార్థులు తమ తిండిని బహిరంగంగా వండుకుని తిన్నందుకు గొడవలు జరిగాయి. 2015లో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రిలో, ఇంట్లో గొడ్డుమాంసం ఉందన్న అనుమానంతో ఒక మనిషిని కొట్టి చంపారు. "మాంసం తినడం తప్పు" అని మీరు అన్నప్పుడు ఆమెకు మీ గొంతుతో పాటు ఈ గొంతులన్నీ వినిపిస్తాయి. మీ మనసులో ఉన్నది ఆ గూటిలోని కోడి ఒక్కటే కావచ్చు, కానీ అది ఆమెకు ఎలా తెలుస్తుంది?

అలాగని జంతువుల పట్ల దయ పై కులాల సొత్తు అని ఒప్పుకోవలసిన పని లేదు. హనుమకొండలో పద్మాక్షి గుట్ట ఎక్కితే బండల మీద జైన తీర్థంకరుల శిల్పాలు కనిపిస్తాయి. ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది. యజ్ఞంలో పశువును బలి ఇచ్చేవాళ్లను ఎదిరించి, ప్రాణి బాధను ధర్మానికి కొలమానంగా పెట్టిన ఆలోచన ఈ నేల మీద శతాబ్దాల పాటు నిలిచింది. అంతెందుకు, బతుకమ్మ పండుగలో అమ్మలక్కలు చేసే నైవేద్యాలు చూడండి: నువ్వులు, బెల్లం, అటుకులు, ముద్దపప్పు, చివరి రోజు సద్దులు. ఏ శాస్త్రమూ చెప్పకుండానే, పొలం పనులు చేసే ఆడవాళ్లు తమ చేతులతో నిలబెట్టుకున్న తిండి అది. మీరు ఎంచుకున్న ఆహారానికి వేర్లు అక్కడ ఉన్నాయి.

దయకూ మడికీ ఉన్న తేడాను పాల దగ్గర తేలికగా పట్టుకోవచ్చు. పాలు, నెయ్యి పవిత్రమని నమ్మేవాళ్లలో చాలామంది బర్రెకు పుట్టిన మగదూడ ఏమవుతుందని అడగరు. దున్నడానికి ట్రాక్టర్లు వచ్చాక దానితో రైతుకు పని లేదు. మేపడం దండుగ కనుక తల్లి పాలు అందక అది చచ్చిపోతుంది, లేదా అమ్ముడుపోయి కబేళాకు చేరుతుంది. వట్టిపోయిన బర్రెకు కూడా చివరికి అదే దారి. ప్రపంచంలో అత్యధికంగా పాలు ఉత్పత్తి చేసే దేశం మనది, గేదె మాంసాన్ని పెద్ద ఎత్తున ఎగుమతి చేసే దేశం కూడా మనదే. ఈ రెండూ ఒకే మంద నుంచి వస్తున్నాయి. అయినా పాలు తాగినవాళ్లకు పుణ్యం, కత్తి పట్టిన కసాయికి పాపం పంచిపెట్టాము. మీరు పాలు కూడా మానేశారు కాబట్టి, మీది మడి కాదని చెప్పుకోవడానికి మీకు గట్టి ఆధారమే ఉంది. మీ స్నేహితురాలితో ఎప్పుడైనా ఈ సంగతి మాట్లాడదలచుకుంటే నెయ్యి దగ్గర మొదలుపెట్టండి, ఆమె గిన్నెలోని కూర దగ్గర కాదు.

మీరు ఫారంలో చూసింది అరుదైన క్రూరత్వం కాదు, ఆ పరిశ్రమ రోజూ నడిచే తీరే అది. చాలా గుడ్ల ఫారాల్లో ఒక్కో కోడికి దక్కే చోటు సుమారు 450 చదరపు సెంటీమీటర్లు. మీరు పరీక్ష రాసే ఏ4 కాగితం వైశాల్యం 620 పైమాటే. అడవి కోడి ఏడాదికి 10, 15 గుడ్లు పెడితే, ఈ కోళ్లను 300 దాటి పెట్టేలా పెంచారు. ఆ గుడ్ల పెంకుకు కావలసిన కాల్షియంలో కొంత వాటి ఎముకల్లోంచే పోతుంది. ఈ రకంలో మగ పిల్లలు గుడ్లు పెట్టవు, మాంసానికి త్వరగా ఎదగవు కనుక పొదిగిన చోటే పుట్టిన రోజే వాటిని చంపేస్తారు. ఇలాంటి గూళ్లను తొలగించే దిశగా నిబంధనలు కావాలని 2017లో లా కమిషన్ తన 269వ నివేదికలో సిఫార్సు చేసింది. మనుషులకు చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ మందును కోళ్ల దాణాలో కలపడాన్ని 2019లో కేంద్రం నిషేధించవలసి వచ్చింది. కరీంనగర్, వరంగల్ చేలల్లో పండే మక్కల్లో, ఆదిలాబాద్, నిజామాబాద్ సోయాలో చాలా భాగం దాణా కోసమే పోతుంది. మీ కోపానికి తగిన చోటు ఇదే. ఈ పరిశ్రమను నడిపేది మాదిగ వాడలో ఆదివారం కూర వండుకునే తల్లి కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. గుడ్డుకు వ్యతిరేకంగా మాట్లాడేవాళ్లందరూ మీ వైపు వాళ్లు కారు. 2015లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం అంగన్‌వాడీల్లో పిల్లలకు గుడ్డు పెట్టే ప్రతిపాదనను తోసిపుచ్చింది. కర్ణాటకలో కూడా బడి పిల్లల గుడ్ల మీద మఠాల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. తమ పిల్లలకు బాదం, పనీరు పెట్టుకోగలిగినవాళ్లు పేద పిల్లల పళ్లెంలోంచి గుడ్డు తీసేయమనడం అన్యాయం. మన రాష్ట్రంలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట భోజనంతో పాటు గుడ్డు, పాలు ఇస్తున్నారు. దానికి సమానమైన పోషణ ఇవ్వకుండా దానిని తీసేయాలని మీరు ఎక్కడా అనకండి, అన్నవాళ్లతో గొంతు కలపకండి. అడగవలసింది ఇంకోటి ఉంది. 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణంలో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, మంచిదే. కానీ 2013లో ఉమ్మడి రాష్ట్రంలో 185 రూపాయలకు ఇచ్చిన 9 సరుకుల సంచిలో కందిపప్పు ఉండేది. ఇప్పుడు అది లేదు. 2013 ఆహార భద్రతా చట్టం ముతక ధాన్యాలను కూడా ఇవ్వవచ్చని చెబుతున్నా మన దుకాణాల్లో జొన్నలు, తైదలు కనిపించవు. పప్పు, నువ్వులు, తైదలు ప్రతి ఇంటికి అందితే, మొక్కల ఆహారం నెల జీతం వచ్చేవాళ్లకు మాత్రమే అందే ఎంపికగా మిగలదు. ఈ కోరికతో మీరు, మీ స్నేహితురాలు ఒకే వినతిపత్రం మీద సంతకం చేయగలరు.

మొక్కల తిండి దానంతట అదే న్యాయమైనది అయిపోదని కూడా గుర్తుంచుకోండి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ, ములుగు జిల్లాలో మిర్చి ఏరడానికి వచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ బాలిక ఛత్తీస్‌గఢ్‌లోని ఇంటికి అడవి దారిలో నడిచి వెళుతూ, ఊరు చేరేలోపే చనిపోయింది. ఆ మిర్చి మన పచ్చళ్లలో, మన పప్పులో ఉంది. మన జిల్లాలో పత్తికి, మిర్చికి కొట్టే మందులు పీల్చేది కూలీలే, అప్పు తీరక అదే మందు తాగి చనిపోయింది రైతులే. జనగామ దగ్గర ఏనెబావి అనే చిన్న ఊరు 2006 నాటికే రసాయనాలను పూర్తిగా వదిలి సేద్యం చేయగలమని నిరూపించింది. జంతువు బాధను లెక్కలోకి తీసుకున్న మనసు కూలి మనిషి బాధను కూడా అదే లెక్కలో రాసుకోవాలి. లేకపోతే మీ రూమ్మేట్ అన్నదే నిజమవుతుంది.

మీ నాయిన గొర్ల సంగతి నాకు అన్నిటికన్నా కష్టంగా తోచింది. మందలో తిరిగే గొర్రెకూ గూటిలోని కోడికీ బతుకులో చాలా తేడా ఉంది: గొర్రె ఎండలో, గడ్డిలో, తన పిల్లతో తిరుగుతుంది, కోత అయిన చేలల్లో మిగిలిన ఆకూ గడ్డీ తింటుంది, రాత్రిళ్లు రైతు మందను తన చేనులో ఆపించుకుని ఎరువు చేయించుకుంటాడు. పశుపోషణ వల్ల భూమి వేడెక్కుతున్నదని ప్రపంచ స్థాయిలో వేసే లెక్కలను యథాతథంగా తెచ్చి మీ నాయిన మీద మోపడం సరికాదు. అయినా పొట్టేలుకు చావంటే భయం ఉంటుంది, అమ్మకానికి లారీ ఎక్కించినప్పుడు అది వణుకుతుంది; ఈ సంగతి మీకన్నా మీ నాయినకే ఎక్కువ తెలుసు, వానలో గొర్రెపిల్లను గొంగడిలో చుట్టి ఇంటికి మోసుకువచ్చింది ఆయనే కాబట్టి. ఈ రెండు నిజాలలో దేన్నీ మీరు అబద్ధం చేయలేరు. ఆ డబ్బుతో చదువుతున్నాను కాబట్టి మాట్లాడే హక్కు లేదని మీరు అనుకోవద్దు. కురుమలకు ప్రభుత్వం 2017లో ఇచ్చింది కూడా గొర్లనే, 75 శాతం రాయితీతో 20 గొర్లు, ఒక పొట్టేలు. భూమి కాదు, మరో బతుకుదెరువు కాదు. మేపడానికి బంజరు భూములు లేకుండా పోతున్న కాలంలో ఇచ్చారు. మీ నాయినకు ఇంకో దారి తెరవకుండా ఆయనను దోషిగా నిలబెట్టడం తగదు. మీరు చదివిన చదువుతో ఇంటికి వేరే ఆదాయం వచ్చిన రోజున మందను తగ్గించుకుందామా అని ఆయనను అడగవచ్చు. ఆ రోజు వచ్చేదాకా గొర్లకు టీకాలు, నట్టల మందు సమయానికి వేయించడం, లారీలో కుక్కి పంపకుండా చూడడం మీ చేతిలో ఉన్నాయి. జంతుశాస్త్రం చదివిన బిడ్డ నోటి నుంచి ఈ మాట వస్తే ఆయన వింటారు.

నాయినమ్మ విషయంలో మీరు ముందుగా క్షమాపణ అడగాలి, మీ నియమాన్ని మార్చుకోనక్కర లేకుండానే. ఆమె దృష్టిలో ఆ యాట మల్లన్నకు మాట ఇచ్చి తీర్చుకున్న ఋణం, పది ఇళ్ల చుట్టాలకు కడుపునిండా పెట్టగలిగిన ఒకే ఒక్క రోజు. మీరు నలుగురిలో అన్న మాట ఆమె దేవుడికి, ఆమె మర్యాదకు ఒకేసారి తగిలింది. వచ్చే సంక్రాంతికి ముందే, ఎవరూ లేనప్పుడు ఆమె పక్కన కూర్చుని మాట్లాడండి. బోనం వండే పని, పట్నం ముగ్గు వేయించే పని మీ మీద వేసుకోండి. ఒగ్గు పూజారి వేసే పసుపు కుంకుమల పట్నం, బెల్లమన్నం బోనం కూడా మల్లన్నకు అర్పించేవేనని ఆమెకు మీరు చెప్పనక్కర లేదు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బెల్లాన్ని బంగారమని సమర్పిస్తారు. మీ పేరున ఏదైనా మొక్కు ఉంటే దానిని అలా తీర్చుకుంటానని అడగండి. ఆమె ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే దావత్‌లో అందరి వరుసలోనే కూర్చుని పచ్చిపులుసు, పప్పు వేసుకుని తినండి. వేరే గిన్నెలు, వేరే పొయ్యి, వేరే వరుస మాత్రం అడగవద్దు. మీరు ఏం తినరన్నది మీ ఇష్టం. ఎవరి పక్కన కూర్చుని తినరన్నది మొదలైతే మాత్రం అది కులమే.

మీ గదిలో కూడా ఇదే మాట వర్తిస్తుంది. ఆమె ఏం వండుకున్నా ఆ పొయ్యి మీదే వండుకోనివ్వండి, మీది మీరు వండుకోండి, ఇద్దరూ ఒకే చాప మీద కూర్చోండి. మీరు అన్న మాట తప్పని ఒక వాక్యంలో చెప్పండి. దాని వెనుక కోళ్ల గురించిన వివరణ జోడించకండి. ఆమె అడిగిన రోజున, ఫారంలో మీరు చూసింది చూసినట్టుగా చెప్పండి. అడగకపోతే చెప్పకండి.